గారెల పక్కన పుస్తకం

పరాయి దేశంలో ఉన్న మన తెలుగు సంఘం పత్రికలో పుస్తకాల గురించి ఎవరు రాసినా ఒకటే ధోరణి. చదివితే జ్ఞానం పెరుగుతుంది, భాష నిలబడుతుంది, పిల్లలకు సంస్కృతి అబ్బుతుంది. కాదనను. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను, వీటిలో ఏ ఒక్కదాని కోసమూ పుస్తకం తెరిచిన గుర్తు లేదు. బాగుంటుంది కాబట్టి చదివాను. ఈ చిన్న మాట చెప్పడానికి మనలో చాలామందికి ఎందుకో మొహమాటం.

మా నెల్లూరు వాళ్ళకు సందు దొరికితే చెప్పుకునే గొప్ప ఒకటుంది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేసిన భారతాన్ని పూర్తి చేసిన ఇద్దరూ మా వైపు వాళ్ళే. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాస్తే, మధ్యలో మిగిలిన అరణ్యపర్వం ముక్కను తర్వాతి శతాబ్దంలో గుడ్లూరు ఎర్రన పూర్తి చేశాడు. అంత పెద్ద గ్రంథం గురించి జనం ఏమన్నారు? తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్నారు. గారెల సరసన కూర్చోబెట్టారు. మనం సముద్రాలు దాటి వచ్చి, పిల్లల చేతికి తెలుగు పుస్తకాన్ని కషాయం గ్లాసులా అందిస్తున్నాం. తాగితే మంచిది నాన్నా, కళ్ళు మూసుకుని తాగేయ్.

మా అమ్మ చదివింది ఐదో తరగతి. వారపత్రిక వచ్చిన రోజు మాత్రం ఆమెను పలకరించే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, కథ అయిపోయాక వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించేది. ఆ కుట్టిన నవలలు వీధి వీధంతా తిరిగేవి. తిరిగొచ్చేసరికి పసుపు మరకలు, నూనె వేళ్ళ ముద్రలు, ఎవరో పిల్లవాడు హీరోయిన్ బొమ్మకు పెట్టిన మీసాలు. పంపు దగ్గర బిందెలు నిండి పొంగుతుంటే, ఆ పిల్ల ఆ ఉత్తరం చించకుండా ఉండాల్సిందని వాదించుకునేవాళ్ళు. సాహిత్య చర్చ అని ఇక్కడ హాలు బుక్ చేసి మైకు పెట్టి మనం చేసేదానికంటే ఆ పంపు దగ్గర చర్చలో వేడి ఎక్కువ.

నాయనది ఇంకో రకం. పొగాకు వేసేవాళ్ళకు తెలుసు, ఆకు ఆరబెట్టే బ్యారన్‌ కొట్టంలోకి ఆకు ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ కాపలా ఉండాలి. ముందు సన్నటి వేడి మీద ఆకు పండుబారాలి, ఆ తర్వాత మెల్లగా వేడి పెంచుతూ రెక్క ఆరాలి, చివర్లో ఈనె ఆరాలి. తొందరపడి వేడి పెంచితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. ఆ రాత్రులు నాయన తోడు తీసుకెళ్ళేది అద్దె పుస్తకాల అంగట్లో తెచ్చిన డిటెక్టివ్ నవల. లాంతరు వెలుగులో నాలుగు పేజీలు చదవడం, లేచి థర్మామీటర్ చూడడం, కట్టె ఎగదోయడం, మళ్ళీ హంతకుడి వెంట పడడం. పుస్తకం ఉంటే నిద్ర రాదని ఆయన వాదన. ‘‘ఆకు మాడితే ఆ డిటెక్టివ్ వచ్చి కడతాడా మన అప్పు?’’ అని అమ్మ. అద్దె నవలల్లో చివరి కాగితం చాలాసార్లు ఉండేది కాదు. హంతకుడెవరో నాయనే తేల్చి పొద్దున మాకు చెప్పేవాడు. తర్వాతెప్పుడో చివరి పేజీ ఉన్న ప్రతి దొరికితే, అందులోని హంతకుడికంటే నాయన పట్టుకున్నవాడే నయమనిపించేది.

అది చెత్త అని బళ్ళో అయ్యవార్లు అనేవాళ్ళు. చాలామటుకు చెత్తే. అయినా ఆ చెత్త చేతిలో లేకపోతే నేను పెద్ద పుస్తకాల వైపు వచ్చేవాణ్ణి కాదు. పేజీ తిప్పే తహతహ ముందు పుట్టాలి. అభిరుచి దాని వెనక తీరిగ్గా వస్తుంది, కొందరికి రాదు, రాకపోయినా కొంపలేం మునగవు. ఇప్పటికీ నచ్చని పుస్తకం సగంలో పక్కన పడేస్తాను, అది ఎంత పెద్దాయన రాసిందైనా సరే.

ఈ మాట అంటే ఒక మిత్రుడు మా జిల్లాలోని దూబగుంట ఊరి సంగతి గుర్తుచేసి కోప్పడ్డాడు. నెల్లూరు జిల్లా మనిషివి, చదువు సరదా కోసమంటావా అని. న్యాయమైన ప్రశ్నే. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబళ్ళలో పలక పట్టిన దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ సంగతే తర్వాత వాచకంలో పాఠమై వచ్చింది. అది చదివిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు మన ఊళ్ళో ఎందుకు కాదని లేచారు. 1992లో ఉద్యమం జిల్లా దాటింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇంతకంటే ప్రయోజనం ఉన్న చదువు ఏముంటుంది? ఒప్పుకుంటాను. అయితే ఆ పాఠాన్ని వాళ్ళెందుకు అంత ఆత్రంగా చదివారో కూడా చూడాలి. అందులో ఉన్నది తమలాంటి ఆడవాళ్ళు, తమ ఊరిలాంటి ఊరు, తమ ఇంట్లోని తగాదా. ‘మద్యపానం హానికరం’ అని నీతివాక్యం అచ్చేసి ఇస్తే దిద్దుకుని ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళు.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు మనం ఇచ్చే తెలుగు పుస్తకాల్లో వాళ్ళ ఊరేదీ? రాజుగారు, మంత్రిగారు, అడవిలో నక్క. ఆ కథలు నాకూ ఇష్టమే. కానీ పసుపు రంగు స్కూల్ బస్సు, లంచ్ బాక్సులో పులిహోర తెరవాలంటే పడే సిగ్గు, అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాటలు తడుముకోవడం, ఇవి ఉన్న తెలుగు పుస్తకం పదేళ్ళ పిల్ల చేతికి ఇచ్చి చూడండి. ఎక్కువ దొరకవు. అందుకే మన వ్యాసరచన పోటీల బహుమతి డబ్బులో సగమైనా అలాంటివి రాయించడానికి పెట్టమంటున్నాను. ఇంకోమాట, పిల్ల బొమ్మల పుస్తకమే పదోసారి చదువుతానంటే చదవనివ్వండి. చివర్లో ‘నీతి ఏమిటి?’ అని అడగొద్దు.

ఈ అలవాటు విలువ బాగా తెలిసేది ముసలితనంలో. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు మన ఇళ్ళల్లో ఎలా గడుపుతారో అందరికీ తెలుసు. పగలు ఇల్లు ఖాళీ, కారు నడపలేరు, బయట మంచు. టీవీ రెండో వారానికే మొహం మొత్తుతుంది. చదివే అలవాటున్న వాళ్ళు ఆ ఆరు నెలలు మనకంటే హాయిగా ఉంటారు. మా అపార్ట్‌మెంట్లలో ఒక కిరాణా సంచి నిండా నవలలు ఇల్లు మారుతూ తిరుగుతుంటాయి. ఊరికి వెళ్ళేవాళ్ళు తమవి అందులో పడేసి పోతారు. కళ్ళు ఆనని వాళ్ళు ట్యాబ్‌లో అక్షరం పెద్దది చేసుకుని చదువుతున్నారు. అరవై దాటాక ఈ అలవాటు కొత్తగా చేసుకోవడం చాలా కష్టం.

ఇక ఊళ్ళకు మనం పంపే డబ్బు సంగతి. చీరాల దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. 1918లో పెట్టారు, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నుంచి బాపట్లలోకి వెళ్ళింది కానీ, ఒంగోలు వాళ్ళు ఇప్పటికీ మాదే అంటారు. దాని పేరు నిలబెట్టింది గోడలు కాదు, పాత పత్రికలు, గ్రంథాలు ఓపిగ్గా పోగేసి దాచిన మనుషులు. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు. మనం ఊరికి గ్రంథాలయం ఇస్తామంటే ముందు ఆలోచించేది భవనం, దాని మీద పాలరాతి ఫలకం, దానిమీద మన పేరు. రిబ్బన్ కత్తిరించాక తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగేవాడు ఉండడు.

ఆంధ్రలో ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిపి వసూలు చేస్తారు. ఈ సంగతి కట్టేవాళ్ళలోనే చాలామందికి తెలియదు. ఆ డబ్బు గ్రంథాలయాలకు సరిగా చేరుతోందా లేదా అని మున్సిపాలిటీని అడగడం కొత్త భవనం కట్టడంకంటే చవక. భవనం ఉన్నచోట దినపత్రికల చందా కట్టండి, సాయంత్రం మరో రెండు గంటలు తెరిచి ఉంచే మనిషికి జీతం ఇవ్వండి, ఏ పుస్తకాలు కొనాలో అక్కడికొచ్చే పిల్లల్నే అడగండి. పోటీ పరీక్షల గైడ్లు అడుగుతారు, అవీ కొనండి. వాటి పక్కన నాలుగు దెయ్యాల కథలు పెట్టండి.

మన సంఘానికి వస్తే, వార్షికోత్సవంలో నగలకు, చీరలకు, రియల్ ఎస్టేట్‌కు హాలు మధ్యలో చోటు, పుస్తకాలకు బాత్‌రూమ్‌ల దారిలో ఒక బల్ల. చోటు మార్చమని పోట్లాడే ఓపిక నాకు లేదు. నిజానికి అటు అందరూ ఒకసారైనా వస్తారు కాబట్టి అదీ ఒకందుకు మేలే. ఈసారి ఆ బల్ల పక్కన నాలుగు కుర్చీలు వేయమని మాత్రం కార్యవర్గానికి నా విన్నపం. కూర్చుని కొనకుండా చదువుకుపోయేవాళ్ళను లేపొద్దు.