సవరణ: గోప్రో ఎంత లోతు దాకా?

విజయవాడ దగ్గర కృష్ణలో ఇంటిల్లిపాదీ చేపల వేటకు వెళ్తే ఏ కెమెరా మంచిదో మొన్న రాశాను. గోప్రో హీరో 12 అనే చిన్న కెమెరాని పైన రక్షణ కేసు లేకుండానే 60 మీటర్ల లోతుకు దించవచ్చన్నాను. అది తప్పు, సరిగ్గా చూడకుండా రాశాను. కంపెనీ మాన్యువల్ ప్రకారం కేసు లేకుండా 10 మీటర్లే. 60 అనేది విడిగా కొనే డైవ్ హౌసింగ్ (నీళ్లు చొరబడని గట్టి కేసు) వేసినప్పటి లెక్క. ఆ 10 మీటర్లకైనా బ్యాటరీ మూత గట్టిగా పడాలి. రబ్బరు సీలు మీద ఇసుక ఉంటే నీళ్లు లోపలికి పోవచ్చు. అందుకే బ్యాటరీ పడవలో కాదు, ఒడ్డునే చేతులు తుడుచుకుని మార్చండి.

ఇంకొకటి, 'వేట' అంటే కొందరు అడవి జంతువులనుకున్నారు. కాదు, చేపలే. వన్యప్రాణులను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.