నిండితే కదిలే ధర్మం

2017 నవంబరులో జపాన్‌లో ఒక రైలు వేళకన్నా 20 సెకన్లు ముందే బయలుదేరిందని ఆ రైల్వే సంస్థ ప్రజలను క్షమాపణ కోరింది. అది చదివినప్పటినుండి నాకు ఆ దేశం మీద జాలిగా ఉన్నది. వేళ అనేదొకటి పెట్టుకోబట్టే కదా, దాన్ని తప్పి తల దించుకోవలసి వచ్చింది! నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గరి షేర్ ఆటోకు ఆ బాధ లేదు. నిండితే కదలడమే దాని ధర్మం కనుక, నేను ఆఫీసుకు నిత్యం పావుగంట ఆలస్యమవుతున్నా ఆటో మాత్రం ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

నిండడమంటే ఏమిటన్నది వేరే శాస్త్రం. వెనుక నలుగురు, వారికెదురుగా పలక మీద ముగ్గురు ఇరుక్కున్నాక సామాన్యుడు నిండిందనుకుంటాడు, డ్రైవరు అనుకోడు. "ఒక్క మనిషే, సర్దుకోండి సార్" అంటూ తాను ఒక తుంటిని బయటికి వేలాడదీసి, తన సీటులో సగం నాకిస్తాడు. ఇంద్రుడంతటివాడు అర్ధాసనమివ్వడాన్ని పురాణాలు మహా గౌరవంగా చెప్పాయి. నాకది ఇరవై రూపాయలకు దక్కుతున్నది. (ఇంద్రుడికి ఆ భంగిమలో హ్యాండిల్ తిప్పే పని ఉండేది కాదనుకోండి.)

టోక్యో ఉద్యోగి రైలెక్కడానికి కారణం క్రమశిక్షణేనని మన వక్తలు సెలవిస్తుంటారు. అసలు కారణాలు లౌకికమైనవి. అక్కడ చాలా కంపెనీలు రైలు పాసు ఖర్చును తామే భరిస్తాయి. నెలకు 1,50,000 యెన్‌ల వరకు దాని మీద పన్ను లేదు. పైగా 1962 నాటి చట్టాన్నిబట్టి, బండి నిలుపుకోవడానికి చోటున్నదని చూపనిదే సాధారణంగా కారు రిజిస్టరు కాదు. ఆ చట్టం మా నెల్లూరు మాగుంట లేఅవుటుకు వస్తే వీధులు ఖాళీ అయిపోయి, పిల్లలు వాటిలో ఆడుకునే ప్రమాదమున్నది.

హాలండువారి సైకిలు భక్తి కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1971లో అక్కడి రోడ్ల మీద నాలుగు వందలకు పైగా పిల్లలు చనిపోతే తల్లిదండ్రులు వీధికెక్కారు. 1973లో చమురు కొరత వచ్చి, కొన్ని ఆదివారాలు కార్లే ఆగిపోయాయి. ఆ తరువాతనే సైకిళ్ళకు వేరు దారులు పడ్డాయి. నేడు యూట్రెక్ట్ స్టేషను దగ్గర ఒక్కచోటే 12,500 సైకిళ్ళు నిలుపుకోవచ్చు. నేల చదునుగా ఉండడం వారికి కలిసివచ్చిందంటారు. నెల్లూరూ చదునే. కాని రోహిణి కార్తెలో చెమటోడ్చుకుంటూ సైకిలు మీద ఆఫీసుకు చేరినవాడిని చూసి, ఎండ సంగతి తలచేకన్న ముందు లోకం "పాపం, బండికి అప్పు పుట్టలేదేమో" అనుకుంటుంది.

అమెరికాలో చాలా ఊళ్ళలో ఇళ్ళ మధ్య అంగడి పెట్టకూడదని కట్టడి చేసుకుని, పాలకు కూడా కారులో పోతారు. వారిని వదిలేద్దాం.

లగ్జెంబర్గ్ 2020లో అందరికీ ప్రయాణం ఉచితం చేసింది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచితం. న్యాయమే. కాని వారంతా బస్సెక్కడంతో నా ఆటో నిండడానికి మరో పది నిమిషాలు పడుతున్నది. నిన్న తొమ్మిదిన్నరకు డ్రైవరు, "ఇంకొక్క మనిషి పడితే పోదాం సార్" అని టీకి వెళ్ళాడు. అతని సీటంతా ఖాళీగా ఉన్నా, నేను నా సగంలోనే కూర్చున్నాను.