తాబేలుకు జూన్ 5 తెలియదు

విశాఖలో పర్యావరణ అవగాహన అంటే బీచ్ రోడ్డులో ఓ ర్యాలీ, టోపీలు, ఫ్లెక్సీ, ర్యాలీ అయ్యాక ఆ ఫ్లెక్సీ కిందే ఖాళీ నీళ్ల సీసాలు. మే 23న తాబేళ్ల దినం, జూన్ 5న పర్యావరణ దినం జరుపుతాం. ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెట్టేదేమో జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పైగా జూన్ 5 నాటికి బడులకు వేసవి సెలవులు. గుడ్లు పెట్టే తాబేలూ లేదు, బడిలో పిల్లాడూ లేడు, మైకు మాత్రం ఉంది.

నేర్పవలసిన పాఠం చిన్నదే, సంక్రాంతికి ముందే చెప్పాలి. తెల్లవారుజామున నడకకు వెళ్లేవారికి ఇసుక మీద రెండు పక్కలా తెడ్లు వేసినట్టు, సుమారు ముప్పావు మీటరు వెడల్పున జాడ కనబడితే కర్రతో గుచ్చి చూడకూడదు. కుక్కల్ని తరిమి అటవీ సిబ్బందికి కబురు పెట్టాలి. కింద కూజాలాంటి గుంతలో వంద దాకా గుడ్లుంటాయి. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిరగేస్తే పిండం చస్తుంది. అందుకే గుడ్లను కాపాడి పొదిగించే హేచరీకి రాత్రికి రాత్రే, పైభాగం పైకే ఉండేలా తరలిస్తారు. గుంత లోతు తగ్గితే ఇసుక వేడెక్కుతుంది. 32 డిగ్రీలు దాటితే దాదాపు అన్నీ ఆడవే పుడతాయి, ఇంకా పెరిగితే గుడ్లే పాడవుతాయి.

ర్యాలీలతో నష్టమేముంది, పిల్లలకు ఇష్టమైనా కలుగుతుంది కదా అంటారు. నిజమే. ఆ ఇష్టమే గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజుల తర్వాత, పిల్ల తాబేళ్లు బయటికొచ్చే వేళకి ఫోన్ ఫ్లాష్ వేసుకుని హేచరీ దగ్గరికొస్తుంది.

పిల్ల తాబేలు చీకట్లో వెలుతురున్న వైపు పాకుతుంది. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రానిది, ఇప్పుడు హోటల్ బోర్డుది. సెల్ఫీ కోసం దాన్ని నీళ్ల బక్కెట్‌లో వేస్తే, కెరటాలు దాటడానికి దాచుకున్న బలమంతా అందులోనే ఈదేసి ఖర్చు చేసుకుంటుంది. మన కాలి అడుగు లోతే దానికి గొయ్యి. జోడుగుళ్లపాలెం నుంచి రుషికొండ దాకా తీరం వైపు దీపాలు, గుడ్లు పెట్టే రోజుల నుంచి పిల్లలు నీళ్లలో చేరేదాకా ఆపాలి, కుదరకపోతే కిందికి వంచి ఎర్రటి బల్బులు పెట్టాలి. దీనికి ప్రసంగం అక్కర్లేదు, ఒక ఎలక్ట్రీషియన్ చాలు.

జూన్‌లోనే సభ పెట్టాలనుకుంటే ఫిషింగ్ హార్బర్‌లో పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరబోట్లు కట్టేసుంటాయి, వలలు గట్టు మీదే ఉంటాయి. తాబేలు ఊపిరి కోసం పైకి రావలసిన జీవి, మరబోట్లు నీళ్లలో ఈడ్చే ట్రాల్ వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది. వలలో కడ్డీల చట్రం బిగిస్తే రొయ్య సందుల్లోంచి వెనక సంచిలోకి పోతుంది, తాబేలు కడ్డీలకు తగిలి పైనో కిందో ఉన్న ద్వారంలోంచి బయటపడుతుంది. చేపలూ పోతాయన్నది బోటువాళ్ల భయం. వల కుట్టే చోట, వాళ్ల ముందే బిగించి చూపకపోతే ఆ భయం పోదు.

అసలు రోగం బడిలో ఉంది. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చేర్చాలని న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1991లో. మనం చేర్చాం, మార్కులూ వేశాం. పిల్లాడు ఆలివ్ రిడ్లే శాస్త్రీయ నామం లెపిడోఖెలిస్ ఒలివేసియా అని అక్షరం తప్పకుండా రాస్తాడు. మీ వీధి చివర బీచ్ లైటు స్విచ్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాదు.