వార్షిక సంచిక అనే సర్వకళా శిక్షణాలయం

ఫొటోగ్రఫీ, ఎడిటింగ్, పేజీ డిజైన్ నేర్చుకుంటామని హైదరాబాద్ వెళ్లి లక్షలు ధారపోసే పిల్లలను చూస్తే నాకు జాలి కలుగుతుంది. హనుమకొండలో ఏదో ఒక కళాశాలలో చేరి, వార్షిక సంచిక కమిటీలో పేరు ఇస్తే చాలు, మూడు విద్యలూ ఒక్క ఏడాదిలో వంటబడతాయి. నేను అలా తయారైనవాణ్ణే కనుక ఈ విషయంలో నా మాటను ప్రమాణంగా తీసుకోవచ్చు.

ముందు ఫొటో సంగతి. చట్రాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసుకుని, గీతలు కలిసే చోట ముఖ్యమైనదాన్ని ఉంచమని పుస్తకాలు చెబుతాయి. గీతలు కలిసే చోట్లు నాలుగే. మా వేదిక మీద ముఖ్యులు పదకొండు మంది. ఆ సూత్రం కనిపెట్టిన మహానుభావుడు ఎన్నడూ కళాశాల వార్షికోత్సవానికి వెళ్లి ఉండడు. మాకు నేర్పిన సూత్రం ఒక్కటే: ఎవరి భుజమూ తెగకూడదు. దీనికి అసలు పరీక్ష జ్యోతి ప్రజ్వలన. ఒక్క కొవ్వొత్తి, దాని మీద ఏడు చేతులు. వత్తి వైపు ఒక్కరూ చూడరు, ఏడుగురి చూపులూ కెమెరా మీదే. పైనున్న ఫ్యాను గాలికి వత్తి ఆరిపోతుంది. "సార్, ఇంకొక్కసారి" అంటాం. అనగానే చేతులు ఎనిమిదవుతాయి. వెలుతురు, కోణం, షట్టర్ వేగం అన్నీ ఆ క్షణంలోనే పట్టుకోవాలి. లేకపోతే మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో మనం పట్టుబడతాం.

తరువాతిది ఎడిటింగ్. ఆ ఏడాది నవంబరులో కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. ఆగస్టు పదిహేను ఫొటోలో పాతవారున్నారు. "దానిదేముంది, కంప్యూటర్‌లో మార్చేయండి" అని ఆదేశం. రాత్రి రెండింటి దాకా కూర్చుని పాతవారిని చెరిపేశాం. కొత్తవారిని వారి దరఖాస్తు ఫొటోలోంచి తెచ్చి జెండా కర్ర పక్కన నిలబెట్టాం. ఆ విధంగా ఆయన ఉద్యోగంలో చేరడానికి మూడు నెలల ముందే జెండా ఎగరేశారు. చిన్న లోపం ఒకటి ఉండిపోయింది. పాతవారు లైబ్రేరియన్ భుజం మీద వేసిన చేయిని చెరపడం మరిచిపోయాం. పన్నెండో పేజీలో ఆ చేయి ఇప్పటికీ ఎవరిదీ కాకుండా భుజాన్ని పట్టుకుని ఉంది.

రచనల ఎడిటింగ్ ఇంత కష్టం కాదు. అమ్మ మీద పద్నాలుగు కవితలు వచ్చాయి. ఏ అమ్మను వద్దంటాం? కాకతీయుల మీద వచ్చిన వ్యాసం నడుమ "ఇంకా చదవండి" అని ఉంటే ఆ రెండు మాటలు తీసేశాం, అది మౌలిక రచన అయిపోయింది. పిల్లలు ఫోనులో యూనికోడ్‌లో కొట్టి పంపిన మ్యాటర్ చౌరస్తా దగ్గరి డీటీపీ సెంటర్‌లో పాత ఫాంటులోకి మారేసరికి సగం ఒత్తులు రాలిపోయేవి. వాటిని ఏరుకొచ్చి మళ్లీ తగిలించడంలోనే నాకు తెలుగు వ్యాకరణం వచ్చింది. ఇక 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి మా ప్రూఫులో 1963కి దిగింది. ప్రూఫు చూసిన మిత్రుణ్ణి నిలదీస్తే, ఆ గుడి దగ్గర తమ తాతగారు దుకాణం పెట్టింది దాదాపు అప్పుడేనని, అందుకే అనుమానం రాలేదని చెప్పాడు.

అన్నింటికన్నా లోతైన శాస్త్రం లేఅవుట్. అట్ట మీద కాకతీయ తోరణం ఉండాలి, అది రాజ్యాంగం. తోరణంలోంచి రాకెట్టు లేవాలా, పావురం ఎగరాలా అన్న దానికి మాత్రం కమిటీకి పూర్తి స్వేచ్ఛ ఉంది. లోపల సందేశాలు. హోదాను బట్టి ఫొటో సైజు, సైజును బట్టి రంగు. ఎనిమిది రంగుల పేజీలూ సందేశాలకే సరిపోతాయి, విద్యార్థులకు నలుపు తెలుపు. పేజీ అందానికి కొంత ఖాళీ అవసరమని నేనొకసారి విన్నవించాను. కార్యదర్శిగారు ఆ ఖాళీ మీద వేలు పెట్టి "కాగితానికి డబ్బు ఇచ్చాం కదా, ఇక్కడేం వేయలేదే?" అన్నారు. అక్కడ కోశాధికారిగారి బావమరిది అభినందనలు వచ్చి చేరాయి. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. చివరి నిమిషంలో ఇంకో సందేశం వస్తే పెరిగేది పేజీ కాదు, తగ్గేది కథ. తెలంగాణలో కవులున్నారని చూపడానికి సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో సంచిక వేయవలసి వచ్చింది. మా కళాశాలలో యాజమాన్యం ఉందని చూపడానికి మాకు 64 పేజీలు చాలాయి.

ఇంతటి క్రమశిక్షణలోనూ ఒక అపశ్రుతి దొర్లింది. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి ఒక ఫొటో ఇచ్చింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తుంచే కూలీల చేతులు. ముఖాలు లేవు. గోళ్ల అంచుల దాకా ఎరుపు, ఒక మణికట్టుకు పగిలిన గాజు, మండకుండా వేళ్లకు చుట్టుకున్న చీర పేలికలు. ఏ4 పేజీ వెడల్పుకు నిండుగా రావాలంటే 2480 పిక్సెళ్లు ఉండాలని ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో తెలియదు, వాట్సాప్‌లో కుదించుకుపోకుండా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చింది. నలుపు తెలుపులో వేసి చూస్తే మిర్చి కాస్తా బొగ్గు కుప్పలా కనిపించింది. "ఇందులో మన కాలేజీవాళ్లు ఎవరూ లేరు కదా" అని కమిటీ దాన్ని పక్కన పెట్టింది.

అచ్చుకు ప్లేట్లు వేయించే రోజు సాయంత్రం, వెనక అట్ట లోపలి వైపు రంగుల పేజీకి ప్రకటన ఇస్తానన్న బట్టల దుకాణం యజమాని ఫోను ఎత్తడం మానేశారు. డీటీపీ ఆపరేటర్‌కు రాత్రి పెళ్లికి వెళ్లే తొందర. సిస్టంలో సరిగ్గా ఆ పేజీకి అతికేంత పెద్ద ఫొటో అదొక్కటే ఉంది. మమ్మల్ని అడగకుండానే పెట్టేసి వెళ్లిపోయాడు.

సంచికలు వచ్చిన రోజు కార్యదర్శిగారు నన్ను పిలిపించారు. పన్నెండో పేజీ ఆయన కంట పడిందేమోనని గుండె దడదడలాడింది. ఆయన వెనక అట్ట తిప్పి, ఆ ఎర్రటి చేతులను చాలాసేపు చూశారు.

"ఈ చేతులు ఎవరివయ్యా? కింద పేరు, హోదా వేయలేదేమిటి?"