అప్పు వద్దనేవాడికి క్రెడిట్ కార్డు ఎందుకు?

గుంటూరు జిల్లా నుంచి ఎం.ఎస్. చదవడానికి డాలస్ వచ్చిన కుర్రాడు, అక్కడే పదేళ్లకు పైగా కాపురముంటున్న వాళ్ల పెద్దమ్మ కూతురు. క్యాంపస్‌లో చిన్న ఉద్యోగం దొరికి, అమెరికాలో జీతానికి, పన్నుకి, అప్పుకి అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు చేతికొచ్చింది కాబట్టి వెంటనే ఒక క్రెడిట్ కార్డు తీసుకోమని అక్క అంటుంది. డెబిట్ కార్డు చాలంటాడు తమ్ముడు. వాళ్ల వాదన ఇది. నా మొగ్గు అక్క వైపే. అయినా తమ్ముడి ప్రశ్నలు కొన్ని తేలిగ్గా కొట్టిపారేసేవి కావు.

తమ్ముడు: అక్కా, ముందే చెప్తున్నా. నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి లోను తెచ్చి నన్ను ఇక్కడికి పంపాడు. దాని వడ్డీ నెలనెలా పెరుగుతూనే ఉంది. వచ్చీరాగానే ఇంకో అప్పు నెత్తికెత్తుకోమంటావా? ఖాతాలో ఉంటే కొంటా, లేకపోతే మానేస్తా.

అక్క: అప్పు చెయ్యమనట్లేదురా. ఇప్పుడు డెబిట్ కార్డుతో కొంటున్న బియ్యం, కూరగాయలే క్రెడిట్ కార్డుతో కొను. గడువులోగా మొత్తం కట్టెయ్. ఒక్క సెంటు వడ్డీ పడదు. డెబిట్ కార్డుతో పదేళ్లు కొన్నా నువ్వు బాకీ సరిగ్గా తీరుస్తావని ఈ దేశంలో ఎక్కడా రాసి ఉండదు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు సంస్థలున్నాయి. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఏ తేదీన కట్టారు అన్నది వాళ్లకు చేరితేనే మన పేరు మీద ఫైలు మొదలవుతుంది. దాన్ని బట్టే 300 నుంచి 850 దాకా ఫైకో అనే స్కోరు. ఒక ఖాతా తెరిచి కనీసం ఆరు నెలలు కాకపోతే ఫైకో స్కోరు అసలు రానే రాదు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నా. ఉద్యోగం వచ్చి, కారు కావాల్సిన రోజున మొదలుపెడితే ఆలస్యమే.

తమ్ముడు: మరి అద్దె? నలుగురం కలిసి ఉంటున్నాం. ఒక్క నెల కూడా గడువు దాటలేదు. కరెంటు బిల్లు నా పేరు మీదే ఉంది. ఇవేవీ లెక్కలోకి రావా?

అక్క: చాలావరకు రావు. అద్దె రిపోర్టు చేసే అపార్ట్‌మెంట్లు కొన్ని ఉన్నాయి కానీ తక్కువ. బిల్లు ఎగ్గొడితే, అది బాకీలు వసూలు చేసే కలెక్షన్స్ వాళ్లకి వెళ్తే మాత్రం ఫైల్లోకి ఎక్కుతుంది.

తమ్ముడు: చూశావా! కడితే కనపడదు, కట్టకపోతే కనపడుతుంది. ఇంత అన్యాయమైన లెక్కకి నన్ను తలవంచమంటున్నావు. మన ఊళ్లో ఎరువుల కొట్టతను ఏం చూసి అరువిస్తాడు? నాన్న ముఖం చూసి. పంట చేతికి రాగానే తెచ్చి ఇస్తాడని ఇరవై ఏళ్లుగా తెలుసు. ఒక ఏడు వానల్లేక పంట పోతే, ఆ సంగతీ తెలుసు, ఆగుతాడు. ఇక్కడ మనిషిని చూసేవాడే లేడు. నంబరు చూస్తారు. పైగా ఆ నంబరు కూడా మన కష్టాన్ని సగమే చూస్తుంది.

అక్క: బాబాయ్‌కి ఇచ్చాడు సరే. వేరే ఊరి నుంచి వచ్చి కౌలుకు చేసుకునేవాడికి మొదటి ఏడాదే ఇచ్చాడా? నగదు పెట్టి తీసుకెళ్లమంటాడు. బ్యాంకుకెళ్తే పొలం నీ పేరు మీద లేదంటారు. ఎంత నిజాయితీపరుడైనా కౌలు రైతుకు పంట రుణం పుట్టడం ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా? నువ్వు అక్కడ పట్టాదారు కొడుకువి. ఇక్కడ కౌలుకొచ్చినవాడివి. ఎవరి పరువు ఎంతో మొహం చూసి చెప్పే పద్ధతి కొత్తవాడికి ఎప్పుడూ మేలు చేయలేదు. ఈ నంబరుకి కనీసం నీ కులం, ఊరు అక్కర్లేదు.

తమ్ముడు: (కాసేపు ఆగి) ఆ మాట ఒప్పుకుంటా. కానీ అక్కడ కట్టిన రికార్డు ఉందిగా. ఎడ్యుకేషన్ లోను నా పేరు మీదే, నాన్న కో-బారోవర్. ఇద్దరికీ సిబిల్ స్కోరు ఉంది, ఆ సిబిల్ ట్రాన్స్‌యూనియన్‌దే. ట్రాన్స్‌యూనియన్ అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అదే కంపెనీ, అదే మనిషి. సముద్రం దాటగానే సున్నా ఎలా అయ్యాను?

అక్క: ఒక దేశం ఫైలు ఇంకో దేశంలోకి రాదు, అంతే. 2019లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లు నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా ఇండియా రికార్డు చూసి కూడా కార్డివ్వడం మొదలుపెట్టారు. అలా కార్డు తొందరగా దొరకొచ్చు. కానీ ఇక్కడి ఫైలు మాత్రం ఆ కార్డు వచ్చిన రోజు నుంచే మొదలు.

తమ్ముడు: నాకు ఎవరిస్తారు? బ్యాంకులో అడిగా. 200 డాలర్లు డిపాజిట్ పెడితే 200 డాలర్ల లిమిట్‌తో సెక్యూర్డ్ కార్డు ఇస్తామన్నారు. నా డబ్బు వాళ్ల దగ్గర పెట్టి, నా డబ్బే నేను అప్పుగా తెచ్చుకోవాలట! దానికి ఒక గడువు, గడువు దాటితే లేట్ ఫీజు, వడ్డీ.

అక్క: ఆ 200 ఎక్కడికీ పోదు. కొన్నాళ్లు సరిగ్గా కడితే డిపాజిట్ వెనక్కిచ్చి మామూలు కార్డుగా మారుస్తారు, లేదా కార్డు మూసేసినప్పుడు ఇస్తారు. స్టూడెంట్ కార్డులు కూడా ఉన్నాయి, డిపాజిట్ లేకుండానే ఇస్తారు, నీకు క్యాంపస్ జీతం ఉంది కాబట్టి అడిగి చూడు. ఒకేసారి నాలుగు చోట్ల మాత్రం అప్లై చెయ్యకు. అడిగిన ప్రతిసారీ అప్పు కోసం అడిగాడని ఒక ఎంక్వైరీ నమోదవుతుంది, అది రెండేళ్లు ఫైల్లో ఉంటుంది.

తమ్ముడు: నువ్వు జాగ్రత్తలే చెప్తున్నావు. నేను కళ్లారా చూసింది చెప్పనా? మా రూమ్మేట్ నీలాగే మాట్లాడాడు. స్కోరు కోసమే తీసుకున్నా అన్నాడు. దుబారా మనిషి కాదు, మాలో అందరికంటే పొదుపరి. వేసవిలో క్యాంపస్ ఉద్యోగం ఆగిపోయింది. అద్దెకి, సరుకులకి చేతిలో చిల్లిగవ్వ లేదు. కార్డు మీద పడ్డాడు. బిల్లు పైన మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సింది, 35 డాలర్లు అని కనపడితే అంత కట్టి, ఈ నెలకి గండం గడిచిందనుకున్నాడు. ఏడాదికి 20 శాతం దాటిన వడ్డీ. ఇంటికి చెప్పుకోలేడు, అక్కడ లోను కిస్తీ. రాత్రి పూట ఫోన్ మోగితే టెన్షన్. వాడి చేతిలో డెబిట్ కార్డు ఒక్కటే ఉంటే ఏం చేసేవాడు? నా దగ్గరో నీ దగ్గరో చేబదులు అడిగేవాడు. సిగ్గుపడేవాడు కానీ మునిగేవాడు కాదు.

అక్క: ఆ అబ్బాయిది తప్పని నేను అనను. ఆదాయం ఆగిపోయినవాడికి కార్డు ఆసరాలా కనపడుతుంది, అదే దానిలో ఉన్న ప్రమాదం. అందుకే 500 దాటి లిమిట్ పెంచుతామన్నా వద్దను. ఏ నెలా నీ ఖాతాలో అప్పటికే ఉన్న డబ్బు కంటే ఒక్క డాలరు ఎక్కువ గీకకు. ఇలా చెప్పడం తేలికే, వేసవి వస్తే నిలబడటం కష్టమే. అది కాదనను.

తమ్ముడు: ఇంకోటి. ఈ మూడు కంపెనీల్లో ఒకటైన ఈక్విఫాక్స్ నుంచే 2017లో 14 కోట్ల పైచిలుకు మంది వివరాలు దొంగల పాలయ్యాయి. వాళ్లకి మన సమాచారం ఇమ్మని మనం అడిగామా? 2020లో గ్రీన్ కార్డు దరఖాస్తుతో ఐ-944 అని ఒక ఫారం పెట్టి, అందులో క్రెడిట్ స్కోరు కూడా అడిగారు. నేను ఇక్కడ ఉండొచ్చా లేదా అన్నది తేల్చడానికి కూడా ఆ నంబరే! మనమంతా వెళ్లి తలా ఒక కార్డు తీసుకుంటుంటే దాని అధికారం ఇంకా పెరగదా?

అక్క: ఆ ఫారం 2021లో తీసేశారు. అయినా నువ్వన్నది నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ నువ్వొక్కడివి దూరంగా ఉంటే దాని అధికారం తగ్గదురా, నీ ఖర్చు పెరుగుతుంది. రేపు ఉద్యోగం వస్తే అపార్ట్‌మెంట్ వాడు స్కోరు చూస్తాడు, లేకపోతే ఎక్కువ డిపాజిట్ కట్టమంటాడు, లేదా పూచీ పడే కో-సైనర్‌గా ఎవరినైనా తెమ్మంటాడు. కారు ఇన్సూరెన్స్ చూడు. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయిలో క్రెడిట్ చూసి ప్రీమియం వేయకూడదు. మన టెక్సస్‌లో వేయొచ్చు. ఒక్క యాక్సిడెంట్ చేయనివాడు కూడా ఫైలు లేకపోతే ఎక్కువ కట్టాల్సి రావచ్చు.

తమ్ముడు: అంటే భయపెట్టి చేర్చుకుంటున్నారు. సరే, నేను మూడేళ్లు పనిచేసి లోను తీర్చి ఇంటికెళ్లిపోతే? ఇక్కడ ఇల్లు కొనే ఉద్దేశం నాకు లేదు.

అక్క: మూడేళ్లలో వెళ్లిపోతామనే అందరం వచ్చాం. సరే, వెళ్లిపోతావనే అనుకుందాం. ఈలోగా పెళ్లి చేసుకోవా? ఆ అమ్మాయి హెచ్-4 మీద, అంటే నీ భార్యగా డిపెండెంట్ వీసా మీద వస్తే?

తమ్ముడు: కార్డు గురించి మొదలుపెట్టి పెళ్లి దాకా వెళ్లావేంటి?

అక్క: వెళ్తాను, ఎందుకంటే నాకు అసలు బాధ అక్కడే ఉంది. నేను 2011లో హెచ్-4 మీద వచ్చాను. పని చెయ్యకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ట్యాక్సుల కోసం ఐటిన్ అనే నంబరు ఒక్కటి. లీజు మీ బావ పేరు మీద, కారు ఆయన పేరు మీద, ఫోన్లు, కరెంటు, కార్డులు అన్నీ ఆయనవే. ఇంట్లో ఖర్చంతా నా చేతుల మీదే జరిగింది. ఏ కొట్లో పప్పు చవకో, ఏ బిల్లు ఏ తేదీనో నాకు తెలిసినట్టు ఆయనకి తెలియదు. నాలుగేళ్లు ఒక్క బిల్లు ఆలస్యం కానివ్వకుండా నేను కడితే, రికార్డు మాత్రం ఆయనకొచ్చింది. 2015లో కొందరు హెచ్-4 వాళ్లకి పనిచేసే వీలు ఇచ్చారు. ఉద్యోగం వచ్చింది, నా జీతంతో నా కారు కొనుక్కుందామని లోనుకి వెళ్తే, ఈ పేరు మీద ఏ ఫైలూ దొరకలేదమ్మా, మీ ఆయన్ని తీసుకురండి అన్నాడు. ముప్పై ఏళ్లు దాటినదాన్ని, ఎమ్మెస్సీ చదివినదాన్ని. ఆ కాగితం పట్టుకుని పార్కింగులో ఎంతసేపు నిలబడ్డానో! మా కాపురం బాగుంది కాబట్టి ఆయన వచ్చి సంతకం పెట్టారు. అదే చెడితే? నాకు తెలిసిన ఒకావిడ విడిపోయి బయటికొచ్చినప్పుడు ఒక గది అద్దెకివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పేరు లేదు, ఫైలు లేదు. ఐటిన్ మీద కార్డులిచ్చే బ్యాంకులున్నాయి. భర్త కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆయన ఖాతా మీదే ఆమె కూడా కార్డు వాడేలా, చేర్చినా ఆమె ఫైలు మొదలవుతుంది. ఈ సంగతి నాకు అప్పుడు చెప్పినవాళ్లు లేరు. అందుకే వచ్చిన ప్రతి అమ్మాయికీ చెప్తాను, ప్రతి అబ్బాయికీ చెప్తాను.

తమ్ముడు: అది బావకి చెప్పాల్సిన మాట అక్కా.

అక్క: బావకి చెప్పాను. ఇప్పుడు నీకు చెప్తున్నాను. నీకే ఫైలు లేకపోతే రేపు ఆమెని దేనిలో చేరుస్తావు?

తమ్ముడు: ఆథరైజ్డ్ యూజర్ అంటే మళ్లీ ఆయన దయే కదా. ఆయన తీసేస్తే ఆ ఖాతా ఆమె ఫైలు నుంచి పోతుంది. ఆమెకి స్వేచ్ఛ ఎక్కడిది?

అక్క: అది మొదటి మెట్టే. దాని ఆధారంతో ఆర్నెల్లకో ఏడాదికో తన పేరు మీదే ఒక కార్డు తీసుకోవాలి. నువ్వు ఆ మాట అడిగావంటే నాకు సంతోషంగా ఉంది.

తమ్ముడు: నన్ను ఒప్పించావని అనుకోకు. ఈ లెక్క తప్పనే నా మాట. అద్దె కట్టేవాడి నిజాయితీని చూడని స్కోరుని నేను మంచిదనను.

అక్క: అనొద్దు. నేనూ అనను. కార్డు తీసుకుంటావా లేదా?

తమ్ముడు: ఫోన్ బిల్లు ఒక్కటే దాని మీద పెడతా. నెలకి 25 డాలర్లు. ఇంకేదీ పెట్టను, జేబులో కూడా పెట్టుకోను. అది చాలా?

అక్క: బ్రహ్మాండంగా చాలు. స్కోరులో 35 శాతం సమయానికి కట్టడమే. లిమిట్‌లో ఎంత వాడావన్నది ఇంకో 30 శాతం. 200లో 25 అంటే చాలా తక్కువ. వడ్డీ కడితేనో, బాకీ కొంత ఉంచితేనో స్కోరు పెరుగుతుందని మీ కాలేజీలో ఎవరైనా చెప్తే నమ్మకు, అది అబద్ధం. నెల నెలా స్టేట్‌మెంట్ వచ్చాక కట్టడానికి కనీసం 21 రోజులుంటాయి. ఒకవేళ మర్చిపోయినా, 30 రోజులు దాటకముందే కట్టేస్తే లేట్ ఫీజు పడుతుంది కానీ ఫైలుకెక్కదు. దాటిందా, ఏడేళ్లు ఉంటుంది. అందుకే ఆటోపే పెట్టు. అక్కడ మూడు నాలుగు బటన్లు వస్తాయి. మొదటిది తరచుగా మినిమమ్ పేమెంటే ఉంటుంది, మీ రూమ్మేట్ పడింది దానిలోనే. స్టేట్‌మెంట్ బ్యాలెన్స్, అంటే ఆ నెల బిల్లు మొత్తం, అన్నది వెతికి నొక్కు.

తమ్ముడు: రేపు లైబ్రరీ డ్యూటీ అయ్యాక అప్లై చేస్తా. ఒక్క చోటే. ఆ రూమ్మేట్‌ని కూడా నీ దగ్గరికి తీసుకొస్తా, వాడి బాకీ ఎలా తీర్చాలో చూడు ముందు.

అక్క: ఆదివారం భోజనానికి రమ్మను. స్టేట్‌మెంట్లన్నీ తెమ్మను, సిగ్గుపడొద్దని చెప్పు.