ఓటీపీ చెప్పారుగా!

మా పత్రిక డెస్కులో పనిచేసే సహోద్యోగి ఒకరు మూడు నెలల కిందట కారు అమ్మేశారు. యాజమాన్యం బదిలీకి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి, ఆర్సీ మారింది, డబ్బు బ్యాంకులో పడింది. మొన్న ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే కారు కంపెనీ యాప్ కనబడింది, తీసేద్దామని తెరిచారు. అమ్మేసిన కారు ఉప్పల్‌లో నిలబడి ఉంది. డోర్లు లాక్ అయి ఉన్నాయి, ట్యాంకులో సగం పెట్రోలుంది. ఇంకాస్త వెనక్కి జరిపితే కొన్నాయన ఏ రోజు ఎక్కడికి వెళ్లొచ్చాడో వరసగా మొత్తం ఉంది, చిలుకూరుకు రెండు ట్రిప్పులతో సహా. వీసా బాలాజీ దగ్గరికి రెండోసారి వెళ్లాడంటే పని అయిపోయినట్టే, ఇక 108 ప్రదక్షిణలే అని మా వాళ్లు నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ముఖమైనా గుర్తులేని ఒక మనిషి ఈ రాత్రి ఇంట్లో ఉన్నాడో ఊళ్లో లేడో మేం ఆఫీసులో టీ తాగుతూ చెప్పగలుగుతున్నాం. ఆ యాప్‌లో హారన్ మోగించే బటన్ కూడా ఉంది.

షోరూమ్‌కు ఫోన్ చేస్తే వచ్చిన జవాబే మా చేత ఇదంతా రాయిస్తోంది. "డెలివరీ రోజు మీరే ఓటీపీ చెప్పారుగా సార్. అంటే ఒప్పుకున్నట్టే కదా!"

డెలివరీ రోజు ఎలా ఉంటుందో ఈ నగరంలో కారు కొన్న ప్రతి ఇంటికీ తెలుసు. బానెట్‌కు పెద్ద రిబ్బను, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, పూజారి తొందర, పిల్లల అల్లరి, ఫొటోకి నిలబడమని సేల్స్ కుర్రాడి కేకలు. ఆ గోలలోనే ఆ కుర్రాడు పక్కకు వచ్చి "సార్, ఒక ఓటీపీ వచ్చింది, చెప్పండి" అంటాడు. నాలుగంకెలో ఆరంకెలో చెప్పేసి కొబ్బరికాయ అందుకుంటాం. దాన్ని సమ్మతి అంటున్నారు. కారు ఎక్కడ తిరిగింది, ఎంత వేగంతో వెళ్లింది, ఎప్పుడు గట్టిగా బ్రేకు పడింది, అన్నీ కంపెనీ సర్వర్‌లో దాచుకోవడానికి ఆ అంకెలే అనుమతి పత్రమట. సరే, మా సహోద్యోగి చెప్పారనే అనుకుందాం. ఉప్పల్ ఆయన ఏ ఓటీపీ చెప్పాడు? పక్క సీట్లో కూర్చునే ఆయన భార్య ఎవరికి ఒప్పుకుంది?

కారు దొంగతనానికి గురైతే జాడ దొరుకుతుంది, ప్రమాదం జరిగితే సాయం త్వరగా అందుతుంది అనేవాళ్లున్నారు. నిజమే, కాదనం. కానీ దొంగను పట్టుకోవడానికి పెట్టిన కన్ను కొన్నవాడి మీదా అమ్మినవాడి మీదా ఏళ్ల తరబడి ఉండాలని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇది మన షోరూముల అలసత్వం మాత్రమే అయితే ఇంత స్థలం కేటాయించేవాళ్లం కాదు. 2023లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ విధానాలు పరిశీలిస్తే ఒక్కటి కూడా పాస్ కాలేదు. 84 శాతం బ్రాండ్లు సమాచారాన్ని ఇతరులతో పంచుకోవచ్చనో అమ్ముకోవచ్చనో తమ పత్రాల్లోనే రాసుకున్నాయి. సుబారు విధానం ప్రకారమైతే కారెక్కి కూర్చున్న ప్రయాణికుడు కూడా ఒప్పుకున్నట్టే లెక్క అని మొజిల్లా ఎత్తిచూపింది. అంటే చుట్టపుచూపుగా వచ్చి లిఫ్ట్ అడిగిన బాబాయి కూడా సంతకం పెట్టినట్టే! అమెరికాలో జనరల్ మోటార్స్ లక్షల మంది డ్రైవింగ్ అలవాట్లు పోగేసి అమ్మితే, అవి చివరికి ఇన్సూరెన్సు కంపెనీల చేతికి చేరాయి. 2025 జనవరిలో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యకు దిగి, అలాంటి సమాచారాన్ని జనం మీద నివేదికలు తయారుచేసి కంపెనీలకు అమ్మే ఏజెన్సీలకు ఇవ్వకుండా ఐదేళ్ల నిషేధం ప్రకటించింది. చాలామందికి తాము డ్రైవింగ్ అలవాట్లు నమోదు చేసే ఆ పథకంలో చేరినట్టే తెలియదు, కానీ కంపెనీ రికార్డుల్లో మాత్రం అందరూ ఒప్పుకున్నవాళ్లే. అంతకు ముందు నెలలోనే ఫోక్స్‌వాగన్ గ్రూపు ఎలక్ట్రిక్ కార్లు దాదాపు 8 లక్షల వాటి సమాచారం, చాలా వాటి లొకేషన్లతో సహా, సరైన తాళం లేకుండా ఆన్‌లైన్‌లో పడి ఉందని బయటపడింది.

ఇక కంపెనీలను దారిలో పెట్టాల్సిన ప్రభుత్వం సంగతి. మనం ఆర్టీఏ ఆఫీసులో పేరూ అడ్రసూ ఇచ్చేది చట్టం అడిగింది గనక, వేరే దారి లేదు గనక. ఆ వివరాలుండే వాహన్ (బండ్ల రిజిస్ట్రేషన్లు), సారథి (డ్రైవింగ్ లైసెన్సులు) డేటాబేసులను 87 ప్రైవేటు సంస్థలకు, 32 ప్రభుత్వ సంస్థలకు అందుబాటులో ఉంచి 65 కోట్ల రూపాయలు సంపాదించామని 2019లో కేంద్ర రవాణా మంత్రి పార్లమెంటుకు స్వయంగా చెప్పారు. మరుసటి ఏడాది ప్రైవసీ భయాలతో వివరాలను గంపగుత్తగా ఇచ్చే ఆ బల్క్ డేటా విధానాన్ని రద్దు చేశారు, మంచిదే. అప్పటికే బయటికి వెళ్లిన వివరాలు వెనక్కి వచ్చాయా? వాటికి మనలో ఎవరు ఓటీపీ చెప్పారు? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చాక కూడా సాగిన వ్యాపారం ఇది.

మన నగర పోలీసులదీ ఇదే పాట. 2021లో పాతబస్తీ వైపు రోడ్డు మీద బండ్లు ఆపి, జనం ఫోన్లు తీసుకుని చాట్లలో 'గంజాయి' అని వెతికిన వీడియోలు పాఠకులు మరిచిపోయి ఉండరు. బలవంతమేమీ లేదు, జనమే సహకరిస్తున్నారు అన్నారు అప్పుడు. లాఠీ పట్టుకున్న మనిషి "ఫోన్ ఇవ్వు" అంటే ఇవ్వడం సహకారం, పూజ మధ్యలో ఓటీపీ చెప్పడం సమ్మతి! షోరూమ్ కుర్రాడు ఈ మాట ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

మేమేదో మడి కట్టుకుని కూర్చున్నామని అనడం లేదు. మా వెబ్‌సైటు తెరిచినా కుకీల పెట్టె ఒకటి అడ్డొస్తుంది, 'అంగీకరిస్తున్నాను' బటన్ పెద్దగా, రెండోది వెతికితే గానీ కనిపించనంత చిన్నగా. ఆ మాట మా టెక్నికల్ విభాగానికి చెప్పాం, మళ్లీ చెబుతాం.

చట్టం లేదా అంటే ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, షరతులు లేకుండా, అన్నీ తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలుండాలి. సమ్మతి కోరే మాటలను ఇంగ్లిషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలి, అంటే తెలుగులోనూ. కారు తెర మీద తెలుగులో ఆ నోటీసు చదివిన పాఠకులెవరైనా ఉంటే మాకు ఫొటో పంపండి, అచ్చేస్తాం. నిబంధనలు వచ్చింది 2025 నవంబరులో, అందులో అసలైన వాటి అమలుకు మళ్లీ 18 నెలల గడువు. జరిమానా 250 కోట్ల దాకా వెయ్యొచ్చట. అదే చట్టంలో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులకు తలుపు బార్లా తెరిచే ఉంది, వాహన్ డేటా అమ్మింది కూడా ప్రభుత్వమేనన్న సంగతి రాసినవాళ్లకు గుర్తుందో లేదో!

ఆర్సీ మారిన రోజే పాత యజమాని యాప్ నుంచి కారు తెగిపోవాలి. దీనికి మహా శాస్త్రవేత్తలు అక్కర్లేదు. ఈఎంఐ ఒక్క నెల తప్పితే సాయంత్రానికల్లా ఫోన్ చేసేంత చురుకైన వ్యవస్థలు మనవి. చేతులు మారిన బండి సంగతి మాత్రం కంపెనీకి మూడు నెలలైనా తెలియలేదట. రవాణా శాఖ ఫారం 30 పక్కన ఒక్క గడి చేర్చి, కంపెనీ నుంచి ధ్రువీకరణ వస్తేనే బదిలీ పూర్తి అంటే సరిపోతుంది. అది కూడా మేం చెప్పాల్సి వస్తోంది.

ఈ వాక్యం రాసే సమయానికి ఉప్పల్‌లో ఆ కారు ఇంకా మా సహోద్యోగి ఫోన్‌లోనే ఉంది. తీసెయ్యాలంటే కంప్లయింట్ పెట్టమన్నారు. పెట్టాం. పెట్టగానే ఫోన్‌కు ఓటీపీ వచ్చింది.