ఇంకా బయలుదేరని బెంగళూరు సబర్బన్ రైలు గారికి

మహారాజశ్రీ సబర్బన్ రైలు గారికి,

మారతహళ్ళిలో అద్దెకుంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా ట్రాఫిక్‌లో క్షేమం. మీరు ఫైళ్ళలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఆలస్యంగా వచ్చే రైలును తిట్టడానికి మన దగ్గర కావలసినంత భాష ఉంది. అసలు రాని రైలును ఏమని తిట్టాలో మా పెద్దలు నేర్పలేదు. అందుకే ఇంత మర్యాదగా రాస్తున్నాను.

ముందుగా మీ పేర్లకు అభినందనలు. సిటీ స్టేషన్ నుంచి దేవనహళ్ళికి సంపిగె, బయ్యప్పనహళ్ళి నుంచి చిక్కబాణావరకు మల్లిగె, కెంగేరి నుంచి వైట్‌ఫీల్డ్‌కు పారిజాత, హీలలిగె నుంచి రాజానుకుంటెకు కనక. నాలుగూ కలిపి 148 కిలోమీటర్లు, అంచనా ఖర్చు 15,767 కోట్ల రూపాయలు. పేర్లు పెట్టినవారి అభిరుచికి వంక పెట్టలేం. బారసాల వైభవంగా జరిగింది, పురుడే మిగిలింది. కన్నవారికీ లోటు లేదు. మిమ్మల్ని కనవలసిన కె-రైడ్ అనే కంపెనీలో కర్ణాటక ప్రభుత్వానికి 51 శాతం, రైల్వే శాఖకు 49 శాతం వాటా. జాప్యం ఎందుకని అడిగితే 51 శాతం వారు 49 శాతం వారి వైపు చూస్తారు, వీరు వారి వైపు చూస్తారు. నూటికి నూరూ అక్కడితో అయిపోయింది కనుక, మేము అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.

మీ జాతకం తిరగేస్తే ఓపిక వస్తుంది. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు 1864లోనే రైలు వచ్చింది. ఈ ఊరికి లోకల్ రైళ్ళు కావాలన్న ప్రతిపాదన 1983 నాటిది. ఆ తర్వాత అధ్యయనాలు, బడ్జెట్ ప్రసంగాలు. జనం విసిగి ‘చుకు బుకు బేకు’ (చుకుబుకు రైలు కావాలి) అని కన్నడంలో ప్లకార్డులు పట్టుకున్నారు. కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులో సరేనంది. 2022 జూన్ 20న ప్రధాని వచ్చి శంకుస్థాపన చేసి, నలభై ఏళ్ళుగా ఆగిన పనిని నలభై నెలల్లో పూర్తిచేస్తామన్నారు. నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. 2025 అక్టోబరుకు నలభై నిండాయి. ఇప్పుడు 2030 అంటున్నారు.

నేనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినే, గడువు దాటడం నాకేమీ వింత కాదు. అయితే మమ్మల్ని ప్రతి సోమవారం పొద్దున్నే ‘ఎంతవరకు వచ్చింది’ అని అడిగే మేనేజరు ఒకడుంటాడు. మీకూ అలాంటి పీడ ఒకటి ఉంటే బాగుండేది. భూమి చేతికి రాలేదంటూ 2025లో పెద్ద గుత్తేదారు కంపెనీ మీ పని వదిలి వెళ్ళిపోయింది. మా ప్రాజెక్టులో మధ్యలో ఎవరైనా మానేస్తే కనీసం కేకు కోసి పంపిస్తాం.

శంకుస్థాపన జరిగిన రోజునే బయ్యప్పనహళ్ళిలో విశ్వేశ్వరయ్య గారి పేరిట కట్టిన ఏసీ టెర్మినల్‌నూ ప్రారంభించారు. పెద్దాయన పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశం జిల్లా మోక్షగుండం. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాదును వరద నుంచి కాపాడే ఉపాయం చెప్పింది ఆయనే. అంతటి ఇంజనీరు పేరున్న స్టేషన్లో పండగకు ఊరెళ్ళి వచ్చిన తెలుగువాళ్ళు ఆవకాయ జాడీలతో, బియ్యం మూటలతో దిగి, మెట్రో అందుకోవడానికి ఆటో మాట్లాడుకోవాలి. ఆ బేరం పెద్దాయన వినకపోవడమే మంచిది.

మెట్రో అంటే గుర్తొచ్చింది. మీ తర్వాత తలపెట్టిన మెట్రో 2011లో పరుగు మొదలుపెట్టింది. 2023లో వైట్‌ఫీల్డ్‌ను నగరంతో కలిపింది. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ చార్జీని 60 నుంచి 90 రూపాయలకు పెంచి మా చేత తిట్లు కూడా తిన్నది. చార్జీ పెంచాలన్నా ముందు నడవాలన్న ఇంగితం దానికుంది.

విమానాశ్రయం సంగతి వేరే చెప్పాలి. 2021 జనవరిలో అక్కడ ఒక చిన్న హాల్టు స్టేషన్ తెరిచారు. అప్పట్లో సిటీ స్టేషన్ నుంచి టికెట్టు పది, పదిహేను రూపాయలు. విమానాశ్రయానికి టాక్సీ మాట్లాడుకున్న ఎవరికైనా ఆ అంకె చూస్తే కళ్ళు తడుస్తాయి. అయితే రైలు వచ్చే వేళకు విమానం ఉండదు, విమానం దిగే వేళకు రైలు ఉండదు. వేళలు కుదరక జనం ఎక్కలేదు. జనం ఎక్కడం లేదని రైళ్ళు తగ్గించారు. రైళ్ళు తగ్గాయని ఆ కాస్త జనమూ మానేశారు. ఈ తర్కం ముందు ఎంతటి పండితుడైనా చేతులెత్తేస్తాడు.

ఇంత చదివి, ఈ ఊళ్ళో రైళ్ళే లేవనుకునేరు. ఉన్నాయి. మా ఆఫీసులో ఒకాయన కుప్పం నుంచి రోజూ రైల్లో వస్తాడు. దాదాపు ఎనభై కిలోమీటర్ల దారి. ఆయన ఎక్కే రైలుకు పూల పేరు లేదు, నంబరే ఉంది. బంగారుపేటలో, మాలూరులో జనం ఎక్కుతారు. సీటు దొరికినవాడు రాజు, దొరకనివాడు తలుపు దగ్గర నిలబడి పులిహోర డబ్బా విప్పుతాడు. హిందూపురం వైపు నుంచీ ఇలాగే వచ్చేవాళ్ళున్నారు. కుప్పం ఆయన రాష్ట్రం దాటి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో దిగేసరికి, నేను ఇంటి నుంచి బయలుదేరి మారతహళ్ళి వంతెన దగ్గరే ఉంటాను. ‘ఇంకా అక్కడేనా సార్’ అని ఫోన్లో అడుగుతాడు. అందులో వెటకారం లేదు, జాలి ఉంది. అదే నాకు సహించదు.

కాబట్టి మా కోరిక పెద్దదేమీ కాదు. ఎత్తైన స్తంభాల మీద స్టేషన్లు, మెరిసే పెట్టెలు తీరిగ్గా 2030లోనే తెండి. హూడి, కార్మెలారం, బాణసవాడి, యశ్వంతపుర అంతటా పట్టాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. హోసూరు వైపు రెండో లైను వేసే పని మీ కంపెనీ చేతిలోనే ఉంది. ఆ పట్టాల మీద పొద్దున ఆఫీసు వేళకు మూడు, సాయంత్రం మూడు మెమూలు, అంటే దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు రైళ్ళు, అదనంగా వేయించండి. రైల్వే వారి రైలు కదా, మా పేరు రాదే అని సంకోచించకండి. కావాలంటే దానికీ ఏదో ఒక పువ్వు పేరు పెట్టుకుందాం, పూలకు కరువేమిటి.

అదీ కుదరకపోతే ఒక చిన్న సహాయం. మీ కనక దారి మా పేట పక్క నుంచే పోతుందట. మా ఇంటి ఓనరు రెడ్డి గారు తరతరాలుగా ఇక్కడి తెలుగువారు, మంచి మనిషి. ‘సబర్బన్ స్టేషన్ వస్తోంది కదయ్యా’ అంటూ ఏటా అద్దె పెంచుతున్నారు. నేను ఇంతవరకు ఎక్కని రైలుకు నెలనెలా టికెట్టు కొంటున్నట్టే ఉంది. దయచేసి మీ లెటర్‌హెడ్ మీద, ‘సదరు రైలు సమీప భవిష్యత్తులో రాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అని రెండు ముక్కలు రాసి, సంతకం చేసి, సీలు వేసి పంపండి. 51 శాతం వారిది ఒక సంతకం, 49 శాతం వారిది ఒకటి ఉంటే రెడ్డి గారు కాదనలేరు. అద్దె ఒప్పందం వచ్చే నెల మొదటి వారంతో ముగుస్తుంది. ఈ ఒక్క గడువైనా దాటనివ్వకండి.

ఇట్లు,
కనక దారి భావి ప్రయాణికుడు,
మారతహళ్ళి